నేర్పితే నేర్చుకునే గుణానికి తెలుగులో ఏ మాట వాడాలి?

ఇద్దరు పిల్లలు 'కళ' అని రాయాల్సిన చోట 'కల' అని రాశారు. టీచర్ ఇద్దరికీ ఒకే మాట చెప్పింది, ఇక్కడ ఉండాల్సింది 'ళ' అని. పిల్లవాడు లేచి నిలబడి, "అలాగేనండి" అని తల వంచుకుని కూర్చున్నాడు. మర్నాడు మళ్లీ 'కల' అనే రాశాడు. పాప మాత్రం కూర్చున్న చోటి నుంచే, "నేను రెండూ ఒకేలా పలుకుతున్నాను టీచర్, మరి తేడా ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. టీచర్ నాలుక మడిచి పలికి చూపించింది. మర్నాడు ఆ పాప 'కళ' సరిగ్గా రాసింది. అంతేకాదు, 'వెల' దగ్గర, 'వేళ' దగ్గర కూడా ఆగి, లోపల పలికి చూసుకుని మరీ రాసింది.

ఈ ఇద్దరి గురించి ప్రోగ్రెస్ రిపోర్టులో ఒక్కో వాక్యం రాయమంటే మనలో చాలామంది చెయ్యి ఎటు పోతుందో నాకు తెలుసు. పిల్లవాడికి 'వినయ విధేయతలు గలవాడు' అని పడుతుంది. పాపకు 'ప్రశ్నలు ఎక్కువ వేస్తుంది' అని పడుతుంది. నిజానికి చెబితే నేర్చుకున్నది ఆ పాప. ఇంగ్లీషులో అయితే ఆమెను టీచబుల్ అంటారు. తెలుగులో ఆ మాటకు అందరూ ఒప్పుకున్న ఒకే ఒక్క పదం లేదు. దగ్గర దగ్గరగా ఉన్న మాటలు మాత్రం ఓ పది దాకా ఉన్నాయి. ఒకటి తీసి మరోచోట పెడితే మెచ్చుకోవాల్సిన మనిషి మీద ఫిర్యాదు చేసినట్టవుతుంది. అందుకే వీటిని పక్కపక్కన పెట్టి చూడటం అవసరమని నా అభిప్రాయం.

పాఠం గురించా, మనిషి గురించా

టీచబుల్ అనే మాట పాఠానికీ వాడతారు, మనిషికీ వాడతారు. తెలుగులో ఈ రెండూ కలవవు. 'బోధనీయం', 'బోధించదగిన', 'నేర్పదగిన' అన్నవి పాఠానికి చెందిన మాటలు. 'ఈ వయసుకు బోధించదగిన అంశం' అంటే చక్కగా ఉంది. 'బోధించదగిన పిల్లవాడు' అంటే మాత్రం బోధన పొందడానికి యోగ్యత ఉన్నవాడు అని వినిపిస్తుంది, అంటే మిగతావాళ్లకు ఆ యోగ్యత లేదన్నట్టు. '-దగిన'లో 'తగడం' ఉంది, అర్హత ఉంది. గుణం చెప్పాలనుకున్నప్పుడు అర్హత చెప్పే మాట వాడితే పక్కదారి పట్టినట్టే. యంత్రం చేసిన అనువాదాల్లో 'బోధించదగిన వ్యక్తి' తరచుగా కనిపిస్తుంది. అది కనిపిస్తే కొట్టేయండి.

'గ్రహణశక్తి' సంగతి వేరు. అది సామర్థ్యం. ఎంత తొందరగా అందుకుంటాడు, ఎంత లోతుగా అందుకుంటాడు అన్నదే అందులో ఉంది, అందుకోవడానికి ఇష్టపడుతున్నాడా అన్నది లేదు. చురుకైన గ్రహణశక్తి ఉండి కూడా ఎవరేం చెప్పినా చెవిన పెట్టనివాళ్లు ఉంటారు. నిదానంగా అందుకుంటూనే, చెప్పినదాన్ని వదలకుండా పట్టుకునేవాళ్లూ ఉంటారు. సామర్థ్యాన్నీ గుణాన్నీ కలిపేస్తే పిల్లల మీద చెరగని ముద్రలు పడతాయి. 20వ శతాబ్దం మధ్యలో అమెరికా బడుల్లో మానసిక ఎదుగుదల ఆలస్యమైన పిల్లలను ఐక్యూ అంకెలను బట్టి 'చదువు చెప్పదగినవారు', 'తర్ఫీదు మాత్రం ఇవ్వదగినవారు' అని విడదీసేవారు. తర్వాత ఆ పేర్లను వదిలేశారు. 'గ్రహణశక్తి' రాసేటప్పుడు మీరు కొలుస్తున్నది వేగమేనా అని ఒకసారి ఆగి చూసుకోండి.

విధేయత: వాడకం ఎక్కువ, పొసగే చోట్లు తక్కువ

నేర్చుకునే గుణం అనగానే మొదట నోటికొచ్చే మాట విధేయత. ఇంగ్లీషులో డోసైల్ అనే మాటకు ఏం జరిగిందో చూస్తే ఈ ఇబ్బంది ఎక్కడుందో తెలుస్తుంది. దాని మూలం లాటిన్‌లో 'నేర్పు' అనే అర్థమున్న డొకేరే అనే క్రియ. డాక్టర్ అనే మాటా అక్కడి నుంచే వచ్చింది, మొదట దాని అర్థం బోధించేవాడు అనే. డోసైల్ అంటే మొదట్లో 'తేలిగ్గా నేర్చుకోగలిగినవాడు' అని. కాలం గడిచేకొద్దీ అందులోంచి నేర్చుకోవడం జారిపోయింది, గొడవ చేయకపోవడం మిగిలింది. ఇప్పుడు ఆ మాటను సాధు జంతువులకు, నోరెత్తని మనుషులకు వాడుతున్నారు. నేర్పేవాడికి సౌకర్యంగా ఉన్నవాడే మంచి శిష్యుడు అనుకోవడం మొదలైతే ఏ భాషలోనైనా మాటకు ఈ గతి పట్టవచ్చు.

తెలుగులో విధేయతకు అంత ప్రయాణం అవసరం లేకపోయింది. అది మొదటి నుంచీ ఆజ్ఞ పక్కనే ఉంది. విధి, విధానం, విధేయుడు ఒకే కుటుంబం. విధించినది చేసేవాడు విధేయుడు. 'ఇట్లు, తమ విధేయుడు' అని అర్జీ కింద సంతకం పెట్టేటప్పుడు మనం చెప్పేది 'మీరు చెప్పినట్టు నడుచుకుంటాను' అనే, 'మీ దగ్గర నేర్చుకుంటాను' అని కాదు.

ఈ మాటను పూర్తిగా పక్కన పెట్టమని నేననను. ప్రయోగశాలలో యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు, నీళ్లలోనే యాసిడ్ పోయాలి అని చెప్పినప్పుడు కావలసింది విధేయతే. కారణం తర్వాత తెలుసుకోవచ్చు, ముందు చెయ్యి ఆగాలి. భద్రత, క్రమశిక్షణ, నియమాలు ఉన్నచోట 'విధేయత' సరైన మాట. చదువు గురించి, పనిలో ఎదుగుదల గురించి రాసేచోట అది సరిపోదు. 'అణకువ', 'ఒద్దిక' ఇంకాస్త మృదువైనవి, ఇంటి మాటలు. అవి కూడా మనిషి ఎలా మసలుకుంటాడో చెబుతాయి తప్ప ఎలా నేర్చుకుంటాడో చెప్పవు. 'మెతక' అయితే సగం మెప్పు, సగం జాలి.

వినయంలో ఒకప్పుడు చదువు ఉండేది

వినయం అనే మాటను వినడంతో ముడిపెట్టి చెప్పేవాళ్లను చూశాను. చెప్పింది వింటాడు కాబట్టి వినయం అంటారు. వినడానికి బాగుంది గానీ ఆ రెండింటికీ చుట్టరికం లేదు. 'విను' తెలుగు ధాతువు. 'వినయం' సంస్కృతం: 'నీ' అనే ధాతువుకు, అంటే 'నడిపించు' అనే అర్థానికి, ముందు 'వి' చేరి వచ్చింది. నాయకుడు, నేత కూడా ఆ ధాతువు పిల్లలే. కాబట్టి వినయం అంటే మొదట తల వంచడం కాదు, ఒక దారిలో నడిపించి తీర్చిదిద్దడం. అమరకోశంలో గుర్రాల పేర్లు చెప్పేచోట 'వినీతాః సాధువాహినః' అని ఉంటుంది. చక్కగా శిక్షణ పొంది, సవారీకి బాగా పనికొచ్చే గుర్రాలు వినీతాలు. బౌద్ధంలో భిక్షువుల నడవడిని తీర్చే నియమాల సంపుటికి వినయ పిటకం అని పేరు. అలా తీర్చిదిద్దవలసినవాడు, అంటే శిష్యుడు, 'వినేయుడు'.

కౌటిల్యుడి అర్థశాస్త్రం మొదటి అధికరణంలో ఈ అర్థం చాలా స్పష్టంగా కనిపిస్తుంది. శిక్షణ అనేది తగిన పదార్థాన్నే మలచగలదు, తగనిదాన్ని మలచలేదు అని చెప్పి, ఎలాంటి బుద్ధిని విద్య మలుస్తుందో అక్కడే వరుసగా చెబుతాడు: వినాలనే కోరిక, వినడం, గ్రహించడం, నిలుపుకోవడం, విశేషంగా తెలుసుకోవడం, ఊహించడం, సరికానిదాన్ని తోసిపుచ్చడం, తత్త్వం మీద పట్టుదల. మలచడానికి ఆయన వాడిన క్రియ 'వినయతి'. నేర్చుకునే గుణానికి ఇంత పూర్తి వర్ణన నాకు మరెక్కడా దొరకలేదు. గమనించండి, అందులో చెప్పినట్టల్లా చేయడం లేదు. సరికానిదాన్ని తోసిపుచ్చడం ఉంది. దానికి అక్కడి మాట 'అపోహ'. మన తెలుగులో అపోహ అంటే తప్పుడు అభిప్రాయం అయిపోయింది. తప్పును తొలగించే పని పేరు చివరికి తప్పుకే పేరైంది.

ఇప్పటి తెలుగులో వినయం అంటే గర్వం లేకపోవడం, పెద్దల ముందు మర్యాదగా మాట్లాడటం. పైగా 'విద్య వినయాన్నిస్తుంది, వినయం వల్ల పాత్రత వస్తుంది' అన్న పాత నీతిలో వినయం చదువుకు ఫలితం, చదువుకు ముందు కావలసిన గుణం కాదు. అందుకని నా సలహా ఇది. మీరు చెప్పదలచుకున్నది 'తనకే అన్నీ తెలుసన్న భావం లేదు' అని అయితే వినయం వాడండి, చక్కగా సరిపోతుంది. ఆ మనిషి నేర్చుకుంటాడన్న హామీ కూడా ఇవ్వాలంటే వినయం ఒక్కటే చాలదు, పక్కన మరో మాట కావాలి. 'అలాగేనండి' అన్న పిల్లవాడికి వినయం ఉంది. 'ళ' రాలేదు.

శిష్యుడు అనే మాట గురించి కూడా ఇక్కడే ఒక ముక్క. 'శాస్' అంటే ఉపదేశించు, శాసించు. ఆ ధాతువు నుంచి వచ్చిన శిష్యుడు అంటే ఉపదేశం పొందవలసినవాడు. అక్షరాలా టీచబుల్ అన్నమాట. శాస్త్రం, శాసనం కూడా అక్కడివే. అయితే 'శిష్యత్వం' ఇప్పుడు ఒక గురువుతో ఉన్న అనుబంధాన్ని చెబుతుంది, స్వభావాన్ని కాదు. 'ఆయన దగ్గర శిష్యరికం చేశాడు' అనడానికే వాడుకుందాం.

శుశ్రూష, విను బుద్ధి

శుశ్రూష అనగానే మనకు గుర్తొచ్చేది రోగి పక్కన కూర్చుని సేవ చేసే మనిషి. మాట పుట్టింది మాత్రం 'శ్రు' నుంచి, అంటే వినడం నుంచి. వినాలనే కోరిక శుశ్రూష. తెలుసుకోవాలనే కోరిక జిజ్ఞాస అయినట్టే. గురువు మాట వినాలని కోరేవాడు గురువు దగ్గరే ఉంటాడు, ఉన్నవాడు సేవ చేస్తాడు. అలా కోరిక పక్కకు జరిగి సేవ మిగిలింది. ఈ రోజు 'ఆ అమ్మాయికి శుశ్రూష ఎక్కువ' అని రాస్తే పాఠకుడికి నర్సింగే తోస్తుంది. పాత అర్థం ఎంత అందమైనదైనా ఇప్పుడు దాన్ని తిరిగి తేలేం.

అయితే అదే భావాన్ని తేట తెలుగులో చెప్పిన చోటు ఒకటుంది. తెలుగు బైబిల్లో యెషయా 50వ అధ్యాయంలో, శిష్యులు వినునట్లు వినడానికి దేవుడు ప్రతి ఉదయం తనకు 'విను బుద్ధి' పుట్టించుచున్నాడు అని ఉంటుంది. విను బుద్ధి. రెండు చిన్న మాటల్లో శుశ్రూష మొత్తం వచ్చేసింది. చదివిన ప్రతిసారీ నాకు సంతోషం కలుగుతుంది. ప్రసంగంలో, వ్యాసంలో, మనసుకు తాకేలా చెప్పాల్సిన చోట దీన్ని నిర్భయంగా వాడవచ్చు. ఆఫీసు నివేదికలో మాత్రం పాతవాసన వేస్తుంది.

దీనితో ఉన్న చిక్కు తెలుగులో 'వినడం' అనే మాటకే ఉన్న చిక్కు. 'మా వాడు మాట వినడు' అని తల్లి అంటే చెవుడు గురించి కాదు. మనకు వినడం, లోబడటం ఒకే క్రియ. 'చెప్పేవాడికి వినేవాడు లోకువ' అన్న సామెత కూడా ఈ కలగాపులగం మీదే నిలబడింది. ఈ రెండింటినీ విడదీసిన పద్యం మనందరికీ చిన్నప్పుడే నోటికి వచ్చినది: 'వినదగు నెవ్వరు చెప్పిన'. ఎవరు చెప్పినా వినాలి, వినగానే తొందరపడకూడదు, నిజమో అబద్ధమో విచారించాలి. వినడానికీ ఒప్పుకోవడానికీ మధ్య కాస్త ఎడం ఉంచమని సుమతీ శతకకారుడు చెప్పాడు. అందుకే 'మాట వింటాడు' అని రాయాలనుకున్నప్పుడు, 'చెప్పింది శ్రద్ధగా విని ఆలోచిస్తాడు' అని విడమరచి రాయండి. నాలుగు మాటలు ఎక్కువైనా అర్థం బోల్తా పడదు.

పాత బౌద్ధ గ్రంథాల భాష అయిన పాళీలో ఒక మాట ఉంది, 'సువచ'. మంచిమాట తేలిగ్గా చెప్పడానికి వీలైనవాడు అని అర్థం. మైత్రి గురించి చెప్పే మెత్తసుత్తం అనే బౌద్ధ పాఠంలో మంచి మనిషి లక్షణాల్లో ఇదొకటి. దీనికి వ్యతిరేకం 'దుబ్బచ', ఏదైనా చెప్పాలంటే ఎదుటివాళ్లు భయపడేలా ఉండేవాడు. నేర్చుకునే గుణాన్ని చెప్పేవాడి వైపు నుంచి చూసిన మాట ఇది. తెలుగులోకి తెచ్చుకోలేకపోయాం గానీ, 'ఆయనకు చెప్పొచ్చు, ఏమీ అనుకోడు' అని మనం రోజూ అనే వాక్యం దీనికి దగ్గర అనువాదమే.

జిజ్ఞాసతో జాగ్రత్త

జిజ్ఞాస గొప్ప గుణం, అందులో సందేహం లేదు. కాకపోతే జిజ్ఞాస లోపలి నుంచి పుడుతుంది, తనకు నచ్చిన వైపు పోతుంది. రాత్రంతా మేలుకుని చదివే మనిషి, తను రాసినదాంట్లో ఒక్క తప్పు చూపిస్తే ముఖం ముడుచుకోవచ్చు. తెలుసుకోవాలనే కోరిక వేరు, తన తప్పు తెలిపితే తట్టుకోవడం వేరు. టీచబుల్ అన్న చోట జిజ్ఞాస వాడితే సగం బరువే దిగుతుంది. ఒంటరిగా నేర్చుకునేవాడి గురించి, పరిశోధకుడి గురించి రాసేటప్పుడు జిజ్ఞాస సరైన ఎంపిక. ఒకరి దగ్గర పని నేర్చుకుంటున్నవాడి గురించి అయితే కాదు.

దిద్దుకునే గుణం

ఇక నేను ఎంచుకునే మాట. దిద్దుకోవడం.

తెలుగులో చదువు మొదలయ్యేదే ఈ క్రియతో. పలక మీద పెద్దవాళ్లు అక్షరం రాసి ఇస్తే పిల్ల దాని మీదే మళ్లీ మళ్లీ రాస్తుంది. దాన్ని అక్షరాలు దిద్దడం అంటాం. తర్వాత ఆ పిల్ల రాసిన కాగితాన్ని టీచర్ దిద్దుతుంది. తప్పు దిద్దడమూ దిద్దడమే. ముఖాన బొట్టు దిద్దడమూ దిద్దడమే. నేర్చుకోవడం, సరిచేయడం, అందంగా చేయడం, మూడూ ఒకే మాట. చదువు గురించి తెలుగువాళ్లు ఏమనుకున్నారో ఈ ఒక్క క్రియ చెబుతుందనిపిస్తుంది నాకు: ముందున్నవారి గీత మీద చెయ్యి నడిపి, తప్పిన చోట సరిచేసుకుంటూ పోవడం.

దానికి '-కొను' చేరినప్పుడు ఇంకా బలం వస్తుంది. 'దిద్దబడ్డాడు' అంటే ఎవరో వాడికి ఏదో చేశారు. 'దిద్దుకున్నాడు' అంటే చేసింది వాడే, తన కోసం చేసుకున్నాడు. 'దిద్దించుకున్నాడు' అంటే ఇంకొకరి చేత, తనే అడిగి, చేయించుకున్నాడు. చెప్పించుకోవడం, నేర్పించుకోవడం కూడా ఈ తీరే. ఇంగ్లీషు మాటలో నేర్చుకునేవాడు నేర్పబడటానికి వీలుగా ఊరికే ఉంటాడు. తెలుగు క్రియలో వాడు పని చేస్తుంటాడు. తల వంచుకున్న పిల్లవాడిని, నాలుక మడిచి పలికి చూసుకున్న పాపను వేరుచేసి చూపించగల మాట నాకు ఇదొక్కటే కనిపించింది.

దీనికీ పరిమితి ఉంది. దిద్దుకోవడంలో తప్పు ముందే ఉండాలి. అసలేమీ తెలియని కొత్త విషయాన్ని చేరదీసే ఉత్సాహం ఇందులో ఇమడదు. అక్కడ 'చెబితే ఇట్టే అందుకుంటుంది', 'కొత్తది నేర్చుకోవడానికి ముందుంటుంది' అన్న మామూలు వాక్యాలే మేలు. నామవాచకం కోసం వెతుక్కుని 'బోధనాస్వీకరణశీలత' లాంటి సమాసాలు కట్టకండి. తెలుగు ఇలాంటి గుణాలను క్రియలతో చెప్పడానికే ఇష్టపడుతుంది. ఇంగ్లీషులో ఒక పదం ఉంది కదా అని ఇక్కడా ఒకే పదం ఉండాలని నియమం లేదు.

రాసేటప్పుడు

ప్రోగ్రెస్ రిపోర్టులో గుణం పేరు కంటే జరిగినది రాస్తే తల్లిదండ్రులకు ఎక్కువ ఉపయోగం. 'తప్పు చూపిస్తే ఎందుకో అడిగి తెలుసుకుంటుంది, మళ్లీ చేయదు' అన్న వాక్యం 'వినయశీలి' కంటే పదిరెట్లు మంచిది. సిఫారసు లేఖలో 'విధేయుడు' రాసే ముందు చదివేవారెవరో ఆలోచించండి. పరిశోధనలోకి తీసుకునే ప్రొఫెసర్‌కు ఆ మాట 'సొంత ఆలోచన లేనివాడు' అని వినిపించే ప్రమాదం ఉంది. 'సూచనలను స్వీకరించి, తన పనిని తానే మెరుగుపరచుకుంటాడు' అనండి. ఉద్యోగాల సంభాషణలో కోచబుల్, ఫీడ్‌బ్యాక్ లాంటివి ఇప్పటికే తెలుగైపోయాయి. 'ఫీడ్‌బ్యాక్ ఇస్తే టెన్షన్ పడకుండా తీసుకుంటుంది' అంటే అందరికీ అర్థమవుతుంది, దాన్ని బలవంతంగా మార్చక్కర్లేదు.

అనువాదం చేసేవాళ్లు మాత్రం సందర్భాన్ని రెండుసార్లు చూడాలి. యాకోబు పత్రిక 3వ అధ్యాయంలో పైనుంచి వచ్చే జ్ఞానాన్ని తెలుగు బైబిలు 'సులభముగా లోబడునది' అంటుంది. గ్రీకు మూలంలోని మాటకు నచ్చజెబితే తేలిగ్గా ఒప్పుకునేది అన్న అర్థం ఉంది. లోబడటంలో బలం ఎదుటివాడిది. ఒప్పుకోవడంలో కారణానిది. అనువాదకుడు ఎటు మొగ్గితే పాఠకుడూ అటే మొగ్గుతాడు.

మన గురించి మనం చెప్పుకోవాల్సి వస్తే? 'నాకు దిద్దుకునే గుణం ఉంది' అని ఎవరూ అనరు, అంటే బాగుండదు కూడా. దానికి తెలుగులో రెండు అలవాటైన వాక్యాలున్నాయి. ఒకటి, 'తప్పులుంటే మన్నించండి'. రెండోది, 'తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను'. మొదటిది మర్యాద. అందులో అడిగేది క్షమాపణ, దానితో సంభాషణ అయిపోతుంది. రెండోదానితో మొదలవుతుంది. నేను రాసింది ఎవరికైనా పంపేటప్పుడు చివర్న రెండోదే రాస్తాను.